‘ఇల్లు అమ్మబడును’: టీకా తాత్పర్య సహితము

మూలము: ప్రకృతి ఒడిలో, పచ్చని కొండల నడుమ, తిరుపతికి కూతవేటు దూరంలో, కార్వేటినగరమున, ప్రశాంత వాతావరణంలో, తూర్పు వాకిలి, నూరుపాళ్లు వాస్తు, 45 అంకణములు, క్లియర్ టైటిల్ గల ఇల్లు అమ్మబడును. ధర కూర్చుని మాట్లాడుకొందము. దళారులు క్షమించాలి.

అవతారిక: ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ఇంటి ప్రకటనలు రాసేవారు ఆ రెండింటినీ గట్టున పెట్టారు. వాటిలో సమాసాలు పెరిగేకొద్దీ సమాచారం తరుగుతోంది గనుక ఈ టీక అవసరమైంది.

టీక: ప్రకృతి ఒడిలో, పచ్చని కొండల నడుమ — సుగమము. తూర్పు వాకిలి, వాస్తు — సుగమము.

తిరుపతికి కూతవేటు దూరంలో — అతిశయోక్త్యలంకారము. కార్వేటినగరంలో వేసిన కూత పుత్తూరు, వడమాలపేట దాటితే తప్ప తిరుపతి చేరదు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లాను విడగొట్టినప్పుడు ఆ రెండూ తిరుపతి జిల్లాకు పోయాయి, కార్వేటినగరం చిత్తూరులోనే ఉండిపోయింది. అంటే కూత జిల్లా పొలిమేర కూడా దాటాలన్నమాట. పదకర్త సారంగపాణి కార్వేటినగరంలోనే వేణుగోపాలుడి మీద పదాలు కట్టాడు. అవి తిరుపతి దాకా వినిపించే ఉంటాయి, కానీ ఆయన వాటిని గజాల లెక్కన అమ్మలేదు.

45 అంకణములు — ఇక్కడ కొంచెం ఆగాలి. పూర్వం అంకణమంటే దూలానికీ దూలానికీ నడుమనున్న చోటు. ఐదంకణాల ఇల్లంటే వంటకొకటి, గింజలకొకటి, దూడలకొకటి పోను మనుషులకు మిగిలిందెంతో వినగానే తెలిసేది. పెళ్లిచూపులకు వచ్చిన పెద్దలు కూర్చున్నచోటి నుంచే తలెత్తి దూలాలు లెక్కపెట్టుకుని, ఏమీ అడక్కుండానే సంగతి గ్రహించేవారు. దూలం పొడవు చెట్టును బట్టి, చెట్టు ఆసామి తాహతును బట్టి ఉండేది కాబట్టి అంకణాలన్నీ ఒక్క కొలతవి కావు. అయినా ఎవరూ మోసపోలేదు, ఎందుకంటే కొలత కళ్లెదుటే ఉండేది. తర్వాత దూలాలు పోయి స్లాబులొచ్చాయి. అంకణం ఇల్లు విడిచి బయటికొచ్చి, పైకప్పు లేని బీడు మీద కూర్చుంది. తిరుపతి వైపు అది 36 చదరపు అడుగులు, అనగా నాలుగు గజాలు. నెల్లూరులో 72. ఈ 45 అంకణాలు తిరుపతి లెక్కన 180 గజాలు, నాలుగు సెంట్లకు కూడా తక్కువే. నెల్లూరు నుంచి వచ్చిన ఆసామి అదే మాట విని 360 గజాలనుకుని, మనసులోనే రెండు కొబ్బరిచెట్లూ ఒక బావీ పెట్టేసుకుంటాడు. తిరుపతి లెక్కన సెంటుకు 12.1 అంకణాలు వస్తాయి. ఆ దశాంశం వెనకున్న 1 ఎవరి గోడ కిందికి పోతుందో ఏ శాస్త్రంలోనూ లేదు. మెట్ల కింది చోటు, వీధిలోకి జరిగిన అరుగు, పక్కింటివారితో ఉమ్మడిగా ఉన్న సందు, ఇవన్నీ అంకణాల్లో చేరాయా? ఎక్కడున్నాం? ఆఁ, ఇల్లు.

ప్రశాంత వాతావరణంలో — ఇది ఊరికే వచ్చిన శాంతి కాదు. చదువుకున్న పిల్లలు చెన్నైకో బెంగళూరుకో శ్రీసిటీ ఫ్యాక్టరీలకో పోతే మిగిలిన శాంతి. అమ్మేవాడు చెన్నైలో, కొనేవాడు బెంగళూరులో. ఇంటికి తాళం. ఆ ఊళ్లోనే పనిచేసే అయ్యవారు అద్దె ఇల్లు దొరక్క పుత్తూరు నుంచి బస్సులో వస్తాడు. కుళాయి నీళ్లు ఎన్నాళ్లకొకసారి వస్తాయో, బోరు ఎన్ని అడుగులు దిగిందో ప్రకటనలో ఒక్క అక్షరం లేదు. ప్రకృతి ఒడికి మాత్రం చోటు దొరికింది!

క్లియర్ టైటిల్ — స్పష్టము.

(భోజరాజు యోగసూత్రాల మీద రాజమార్తాండం రాస్తూ, వ్యాఖ్యాతలు కష్టమైనదాన్ని స్పష్టమని దాటేసి, తేలికైనదాన్ని సాగదీస్తారని మొదట్లోనే దెప్పాడు. ఆయన మాట మీద గౌరవంతో వెనక్కి వస్తున్నాను.) నేల డీకేటీ పట్టాదా, అంటే ప్రభుత్వం అసైన్ చేసినదా? అసైన్డు భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు, ఇరవై ఏళ్లు నిండినవాటికి 2023లో సడలించారు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా? ఈసీ ఏ సంవత్సరం నుంచి తీశారు? లింకు డాక్యుమెంట్లేవి? చెల్లెళ్లు సంతకం పెట్టారా? అడిగితే ‘అదంతా చూసుకుందాంలే సార్, మీరు ముందు అడ్వాన్సు వేయండి’ అంటారు. జీవితకాలం కూడబెట్టిన డబ్బు ఆ ‘చూసుకుందాంలే’లో పడి, పదేళ్లు కోర్టులో నానుతుంది. దీన్ని అలంకారమనడానికి నాకు నోరు రావడం లేదు.

ధర కూర్చుని మాట్లాడుకొందము — కూర్చునేది ఇద్దరూ, మాట్లాడేది ఒక్కరు.

దళారులు క్షమించాలి — విరోధాభాసము. ప్రకటన కింద ఇచ్చిన ఫోన్ నంబరు దళారిదే.

పాఠాంతరము: ఇదే ఇంటికి మరుసటి వారపు ప్రతిలో ‘ప్రశాంత వాతావరణంలో’ అన్నచోట ‘రద్దీ కూడలికి ఆనుకుని, వ్యాపారానికి అనువుగా’ అని కనబడుతోంది. అంకణాలు కూడా 48 అయినవి.