నాచే కదా అనుకోకండి

నా పేరు కొంబు. సముద్రపు నాచు జాతి. జపాన్‌లో ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలో, హిదకా తీరాన ఎరిమో మా ఊరు. చూడ్డానికి పాత చెప్పు అట్టలా నల్లగా, బిరుసుగా ఉంటాను. అయినా ఈ దేశంలో సూపు కాచాలన్నా, కూర ఉడకేయాలన్నా ముందు నన్నే తలుచుకుంటారు.

చల్లటి నీళ్ల అడుగున ఒక బండను కరుచుకుని రెండేళ్లు పెరిగాను. వేసవి రాగానే పడవలు వచ్చాయి. ఒకాయన పొడవాటి కర్రను నీళ్లలోకి దించి, నన్ను దానికి మెలిపెట్టి, వేళ్లతో సహా పైకి లాగాడు. ఒడ్డున గులకరాళ్లు పరిచిన కళ్లంలో ఆడవాళ్లు మమ్మల్ని బారుగా పరిచారు. ఇసుక అంటకూడదనే ఆ గులకరాళ్లు. ఎండ కాస్తుందని నమ్మకం కుదిరిన రోజే మా కోత. తడిసి ముద్దయితే మాకు ధర పలకదు.

మా ఊరు ఒకప్పుడు దాదాపు ఎడారి అయిపోయింది. వలస వచ్చినవాళ్లు వంటచెరుకు కోసం అడవి నరికేశారు. ఎరిమోలో గాలి జోరెక్కువ, ఎర్రమట్టి లేచి సముద్రంలో పడింది. నీళ్లు బురదయ్యాయి, మా వంశం కుదేలైంది. 1953లో అక్కడ గడ్డి పెంచే పని మొదలుపెట్టారు. చల్లిన విత్తనాలన్నీ గాలికి ఎగిరిపోయేవి. అప్పుడు జాలర్లకు ఒక ఉపాయం తట్టింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పనికిరాని నాచును విత్తనాల మీద దుప్పటిలా కప్పారు. గడ్డి నిలిచింది, తర్వాత పైన్ జాతి చెట్లు నిలిచాయి, నీళ్లు తేరుకున్నాయి. మా వాళ్లలో ఎవరూ కొనని నాచే మమ్మల్ని బతికించింది.

ఎండి, కట్టలై, ప్యాకెట్టులో చేరి ఒసాకాలోని ఒక సూపర్‌మార్కెట్ అరలో కూర్చున్నాను. ఈ ఊరు మాకు కొత్త కాదు. ఎదో అనే పాత యుగంలో కితమాఎబునె అనే సరుకు ఓడలు మా పూర్వీకులను పడమటి తీరం వెంబడి ఇక్కడికే మోసుకొచ్చేవి. ఇక మీకూ నాకూ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? 1908లో టోక్యో ప్రొఫెసర్ కికునాయె ఇకెదా నా రసంలోని రుచి గుట్టు గ్లుటమేట్ అని తేల్చి, దానికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అజినొమోటో అమ్మకానికి వచ్చింది. మీ వీధి చివర బండిమీద నూడుల్స్‌లో చల్లే తెల్లపొడి పుట్టుక అదే.

ఒక సాయంత్రం విజయవాడ దంపతులు మా అర ముందు ఆగారు. ఇద్దరూ శాకాహారులు. ఆవిడ బుట్టలో అప్పటికే టోఫు, మిసో అనే సోయా ముద్ద డబ్బా, మిరిన్ అనే వంట రసం సీసా ఉన్నాయి.

"ఏమండీ, ఆ ఫోను ఇటు పెట్టండి, ఈ డబ్బా మీద ఏముందో చూద్దాం."

ఆయన కెమెరా పెట్టి చదివి, పెదవి విరిచాడు. "ఇందులో చేప ఉందోయ్. దాషి కలిపిన మిసో అట."

దాషి అంటే వంటకు మూలమైన సారపు నీళ్లు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కత్సువో అనే చేపను ఎండబెట్టి తురిమి, దాని సారాన్ని మిసోలోనూ, నూడుల్స్ రసంలోనూ, ఆఖరికి కొన్ని వెనిగర్లలోనూ కలుపుతారు. రొయ్యలు, పీతలు, వేరుశెనగల్లా దాన్ని అలెర్జీల కింద విడిగా ప్రకటించాలన్న నిబంధన లేదు. కాబట్టి దినుసుల జాబితా మొత్తం చదవాల్సిందే. ఆవిడ ఆ డబ్బాను అరలో పెట్టేసి దాషి లేని మిసో వెతికి తీసుకుంది. పక్కనే నన్నూ, ఎండు షీతాకె పుట్టగొడుగుల ప్యాకెట్టునూ పట్టుకుంది. చేప వద్దనుకునేవాళ్లకు మా ఇద్దరి జోడీ భేష్. ఒకరి రుచిని ఒకరం రెట్టిస్తాం.

కౌంటరు దగ్గర అమ్మాయి మమ్మల్ని ఒక బుట్టలోంచి ఇంకో బుట్టలోకి ఒద్దికగా సర్దింది. బిల్లులో నాకు 8 శాతం పన్ను, మిరిన్‌కు 10 శాతం. అసలు మిరిన్‌లో ఆల్కహాలు దాదాపు 14 శాతం ఉంటుంది మరి, మద్యం లెక్కలోకే వస్తుంది. ఆయన ఆ సంగతి తెలిసి సీసాను కొంచెం దూరంగా పట్టుకున్నాడు. సంచీకి విడిగా డబ్బులు. పక్క బల్ల మీద సరుకులు సర్దుకోవడం కొన్నవాళ్ల పనే.

అద్దె గదిలో ప్యాకెట్టు విప్పగానే ఆవిడ గతుక్కుమంది. "అయ్యో, బూజు పట్టిందండీ!"

బూజు కాదమ్మా, అది నా ఒంటి మీద తేలిన మానిటాల్, రుచిలో భాగమే. కొళాయి కింద కడిగితే కొంత నష్టం. ఫోను అదే చెప్పడంతో పొడిగుడ్డతో తుడిచి ఊరుకుంది. లీటరు చన్నీళ్లలో పది గ్రాముల ముక్క నానేసి, సన్నటి సెగ మీద పెట్టి, మరగబోయే ముందే నన్ను తీసేసింది. మరిగిస్తే జిగురూ, నాచు వాసనా వస్తాయి. పుట్టగొడుగులు నానిన నీళ్లు కలిపి, పొయ్యి కట్టేశాక మిసో కరిగించింది.

సారం పోయిన నన్ను చెత్తలో వేస్తుందనుకున్నాను. సన్నగా తరిగి, సోయాసాసు, మిరిన్ పోసి, ఇంటినుంచి తెచ్చుకున్న కారం చల్లి దగ్గరకు వేయించింది. ఆయన అన్నంలో కలుపుకుని అడిగాడు, "ఇదేం పచ్చడోయ్?"

"ముందు తినండి, తర్వాత చెప్తాను."

ఆయన మళ్లీ వడ్డించుకున్నాడు. నా పేరు ఇంకా అడగలేదు.