గుంటలో రొయ్య భద్రం

ఆన్‌లైన్ డబ్బులాటల్ని నిషేధించే చట్టం మీద రాష్ట్రపతి 2025 ఆగస్టు 22న సంతకం పెట్టడం, డబ్బులాటల కంపెనీలు ఒకదాని వెనక ఒకటి దుకాణం కట్టేయడం మీరంతా చదివే ఉంటారు. కట్టేస్తూ కట్టేస్తూ వాళ్లు పంపిన కబురే నాకు ఒళ్లు మండించింది. ఆట ఆపేశాం, మీ వాలెట్‌లో ఉన్న సొమ్ముకి వచ్చిన భయమేమీ లేదు, భద్రంగా ఉంది, నిదానంగా వెనక్కి తీసుకోండి అని దాని సారాంశం. చవితికి చెన్నై నుంచి ఊరొచ్చిన కుర్రాడొకడు ముత్తుకూరు రోడ్డు మీద టీ కొట్టులో ఆ కబురు చదివి, వాలెట్ తెరిచి చూపించాడు. పదకొండు రూపాయల నలభై పైసలు. పైసలతో సహా భద్రంగా ఉన్నాయి.

భద్రత గురించి మా నెల్లూరు తీరానికి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. ఇక్కడ వనామీ రొయ్య బతికినంత భద్రంగా కలెక్టరు కూడా బతకడు. గుంట చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన కొంగలు వాలకుండా వల, లోపలికొచ్చే నీళ్లకు బ్లీచింగు, ఊపిరాడ్డానికి ఎయిరేటర్లు, కరెంటు పోతే జనరేటరు, రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగే కాపలా మనిషి. వేళకు మేత. ఎంత తిన్నదో చూసుకోడానికి చెక్ ట్రే. కాస్త నలతగా కనిపిస్తే ల్యాబుకి పరుగు.

కాబట్టి వాలెట్ భద్రత గురించి రిజర్వు బ్యాంకుకన్నా గుంట యజమాని చెబితేనే బాగుంటుంది. ఇందుకూరుపేట మండలంలో ఒక గట్టున ఆయన వనామీలకు అవగాహన సదస్సు పెట్టాడనుకోండి. హాజరు లక్షల్లో ఉంది.

"మీ భద్రతే మా ధ్యేయం" అని మొదలుపెట్టాడు. "గుర్తింపు లేని గుంటలోకి దిగమాకండి. మనకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉంది. మీ కేవైసీ కూడా పక్కాగా ఉంది. మీ తల్లిరొయ్య ఏ దేశం నుంచి విమానం దిగిందో, మీరు ఏ హ్యాచరీలో పుట్టారో, ఏ రోజు ఈ నీళ్లలో పడ్డారో అంతా మా పుస్తకంలో రాసి పెట్టాం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పీత వచ్చి అడిగినా చెప్పొద్దు, కొంగ బ్యాంకు మేనేజర్నని ఫోన్ చేసినా చెప్పొద్దు. మిమ్మల్ని తినే హక్కు వాటికి లేదు."

చప్పట్లు మోగాయి. కాళ్లు ఎక్కువ కాబట్టి చాలాసేపు మోగాయి.

వెనక వరసలోంచి వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే కుర్ర రొయ్య ఒకటి లేచింది. "మేత ఊరికే పెడతా ఉండారే, మీకేం గిట్టుద్ది సామీ?"

"అది వెల్‌కమ్ బోనస్ తల్లీ. వంద వేస్తే రెండొందలు చూపిస్తాం. మొదట్లో గెలిపిస్తాం కూడా. ట్రేలో మేత ఎంతసేపట్లో ఖాళీ అయిందో చూసుకుని మర్నాటికి ఎంత వెయ్యాలో లెక్క కడతాం. ఎవరు ఆకలి మీదున్నారో, ఎవరు అర్ధరాత్రి కూడా తింటున్నారో, ఎవరికి ఒకటో తేదీన జీతం పడుద్దో ఆ ట్రేలోనే తెలిసిపోద్ది."

"మరి బయటికి పోవాలంటే?"

"ఓ, భేషుగ్గా! ఎప్పుడు కావాలంటే అప్పుడు విత్‌డ్రా. కాకపోతే బోనస్ తిన్నవాళ్లు దాన్ని ఇరవై రెట్లు ఆడాలి, కనీస బరువు రావాలి. ముప్పై కౌంటుకొచ్చాక మీరు అడగనక్కర్లేదు, మేమే వల తీసుకొచ్చి దగ్గరుండి విత్‌డ్రా చేయిస్తాం. ఐసు మా ఖర్చే. కాటా దగ్గర గ్రాము తేడా రాదు."

మన గుంటలో ఇంతవరకూ ఒక్క రొయ్య కూడా సైబర్ మోసానికి గురి కాలేదని చెప్పి ఆయన సదస్సు ముగించాడు. అది అక్షరాలా నిజం.

ఇప్పుడు ఢిల్లీ ఈ డబ్బులాటల గుంట మూయించింది. మంచి పని. మేతకు అలవాటు పడ్డ రొయ్య ఎక్కడికి పోవాలి? గట్టు దాటగానే టెలిగ్రామ్‌లో ఇంకో యజమాని, ఆన్‌లైన్ క్యాసినోవాడు, కాచుకుని ఉన్నాడు. ఈయనకి లైసెన్సు కురాసావో ఇచ్చింది. వెనిజులా పక్కన దీవి. మన వనామీ పుట్టిల్లు ఆ ఖండానికి అవతలి ఒడ్డే కాబట్టి మరీ పరాయి చోటేమీ కాదు. కస్టమర్ కేర్ వాట్సాప్‌లో, భాష అచ్చ తెలుగు. ఈ-వాలెట్‌తో వెయ్యండి, ఈ-వాలెట్‌తో తియ్యండి, అంతా సేఫ్ అన్నా అంటాడు.

ఆ సేఫ్ ఎట్లా ఉంటుందో చూడండి. డిపాజిట్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. దాని మీద క్యాసినో పేరుండదు. ఏదో కిరాణా కొట్టు పేరో, కమీషనుకి ఆశపడి ఖాతా అద్దెకిచ్చిన కాలేజీ పిల్లాడి పేరో ఉంటుంది. కాసేపాగి మళ్లీ నొక్కితే ఇంకో పేరు. పొరపాటున గెలిచారే అనుకోండి, ఆ డబ్బు మూడో మనిషి ఖాతా నుంచి వస్తుంది. ఆ ఖాతాలో పడింది ఎక్కడో వేరే రాష్ట్రంలో మోసపోయిన పెన్షన్ ముసలాయన సొమ్మయితే, ఆయన సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేస్తాడు. డబ్బు నడిచిన దారంతా పట్టుకుంటూ పోలీసులు వస్తారు. గెలిచిన ఆ డబ్బు అందుకున్న మన విడవలూరు కుర్రాడి ఖాతా స్తంభించిపోతుంది. అప్పుడు మాత్రం అతని డబ్బు నిజంగా భద్రం. అతను కూడా తీసుకోలేడు.

ఈ వరసలో నిజమైన ఆక్వా రైతుకి మాత్రం ఒక దండం పెట్టుకోవాలి. వైట్ స్పాట్ రోగం తగిలితే ఆయన పెట్టుబడంతా నీళ్లపాలు. 2025 ఆగస్టు 27 బుధవారం, సరిగ్గా వినాయక చవితి నాడే, అమెరికా 50 శాతం సుంకం అమల్లోకొచ్చింది. కౌంటు రేటు చూసి మా రైతు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. యాప్ యజమానికి వైట్ స్పాట్ రాదు, ట్రంప్ అడ్డు రాడు.

ఏటా 45 కోట్ల మంది డబ్బులాటల్లో దాదాపు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని అంచనా వేసింది కేంద్రమే. అంటే గుంటలో ఎన్ని రొయ్యలున్నాయో, ఎంత బరువు తేలుతుందో ఢిల్లీకి తెలుసు. మన రాష్ట్రం 2020 సెప్టెంబరులోనే ఈ ఆటల్ని నిషేధించింది. ఆ మరుసటి నెల అప్పటి ముఖ్యమంత్రి 132 సైట్లు, యాప్‌లు ఆపించమని కేంద్రానికి ఉత్తరం రాశారు. ఆపలేదు. సరిహద్దులోని తడ దాటితే చాలు ఆట మొదలయ్యేది, దాటలేనివాళ్లు ఫోన్లోనే ఊరు మార్చుకునేవాళ్లు. 2023 అక్టోబరు 1 నుంచి కేంద్రం ఏం చేసిందయ్యా అంటే, ఆటగాడు వేసే డిపాజిట్ మీద 28 శాతం జీఎస్టీ వేసింది. గెలిచినవాడి దగ్గర 30 శాతం ఆదాయపు పన్ను సరేసరి. దాదాపు రెండేళ్లు ప్రతి చెక్ ట్రేలోనూ చెయ్యి పెట్టి తిని, ఇప్పుడు తీరిగ్గా, ఆడినవాడు నేరస్తుడు కాదు, బాధితుడు అంటోంది.

సారా మీద పోరాడిన దూబగుంట ఆడవాళ్లు ఈ జిల్లా వాళ్లే. సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డం పడ్డారు. 1993 ఏప్రిల్ 15న సర్కారు ముందు నెల్లూరు జిల్లాలోనే సారా ఆపాల్సి వచ్చింది. వాళ్లకి సారా కొట్టు ఎక్కడుందో తెలుసు. మైపాడులో ఒక తల్లి ఇవాళ ఎవరి గుమ్మం ముందు అడ్డం కూర్చోవాలి? సముద్రంలో వేట నిషేధం రెండు నెలలకీ ఇచ్చే భృతి 20 వేలు పడ్డ ఖాతా కొడుకు ఫోన్లో ఉంది. దుప్పటి కింద, చప్పుడు కాకుండా పోతుంది. పోయాక లోన్ యాప్ వాడు ఫోన్ చేస్తే గానీ ఇంట్లో తెలీదు. ఆ అప్పులకి ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫొటోలు జిల్లా పేజీల్లో చూసి చూసి, ఈ భద్రం అనే మాట వింటేనే అసహ్యం పుడుతోంది నాకు.

వాలెట్‌లో మిగిలింది ఎంతో మాకొద్దు కంపెనీ దొరల్లారా, పోయింది ఎంతో చెప్పండి. ప్రతివాడి పాన్, ఆధార్, ఊరు, ఫోన్ నంబరు కేవైసీ పేరుతో మీరే రాసుకున్నారు. తోటపల్లిగూడూరు మండలం నుంచి ఎంతమంది, ఎంత పోగొట్టుకున్నారో మీట నొక్కితే వస్తుంది. నొక్కండి. కంపెనీలు తిన్నది కక్కుతాయని నాకేం ఆశ లేదు. సర్కారు సంగతేంది? బాధితుడని మీరే అన్నారు గదా. ఆ బాధితుడి డిపాజిట్ మీద పిండుకున్న 28 శాతం ఎప్పుడు తిరిగిస్తారు?