లప్పం కింద రేకు

మొన్న సంక్రాంతికి మా అక్క మనవడు థార్ బండి వేసుకుని మా ఇంటికొచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, కొని ఎనిమిది నెలలైంది. బానెట్ నడుమ భాగమంతా నల్లటి మ్యాట్ స్టిక్కర్. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి దిగాక ఆ స్టిక్కర్ మీద వెంట్రుకంత సన్నని గీత కనబడిందట. "తాతయ్యా, ఎండకి స్టిక్కర్ చీలిందేమో చూడవా" అన్నాడు.

చూడక్కర్లేకపోయింది. వేలి కణుపుతో రెండుసార్లు తట్టాను. రేకు తడితే మోగాలి. ఇది గోడను తట్టినట్టు టక్ మంది. స్టిక్కర్ అంచు పట్టి లాగితే దాంతోపాటు పెన్సిలు మందాన లప్పం పెచ్చు ఊడి నా చేతిలోకి వచ్చింది. దాని వెనక ఇటుకపొడి రంగులో తుప్పు. ఆ కింద నా అరచెయ్యి రెండు పట్టేంత సొట్ట, తగిలిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. పైన పూడ్చేసి, రంగు కొట్టి, రంగు కలవలేదని స్టిక్కర్ అంటించి, కుర్రాడికి అమ్మేశారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు. నలభై ఏళ్లు ఈ పనే చేసి అన్నం తిన్నవాణ్ణి. మా రోజుల్లో అలాంటి బానెట్‌ను షెడ్డు దాటించిన వాడికి మర్నాడు పని ఉండేది కాదు.

1974లో పద్నాలుగో ఏట నన్ను విజయవాడ ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డులో పనికి పెట్టారు. మా మేస్త్రిని అందరం బాబా అనేవాళ్లం. మొదటి ఏడాదంతా నా చేతికి సుత్తి ఇవ్వలేదు. పాత రంగు గీకడం, తుప్పు తోమడం, ఆయన పనిచేస్తుంటే బానెట్‌ను కదలకుండా పట్టుకోవడం. పట్టుకున్న చేతికే పని తెలుస్తుందనేవాడు. నిజమే. పైనుంచి దెబ్బ సరిగ్గా డాలీ మీద పడితే రేకు గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. తప్పితే బోలుగా పలుకుతుంది, చేతికి జివ్వుమంటుంది. ఆ తేడా తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

డాలీ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. అరచేతిలో ఇమిడే ఉక్కు దిమ్మ. ఒకవైపు చదును, ఒకవైపు కోడిగుడ్డు వంపు. దాన్ని రేకు కింద ఆనించి పైన సుత్తి వేస్తాం. బాబా దగ్గర ఆరు డాలీలు ఉండేవి, అరిగి అద్దంలా మెరిసేవి. సాయంత్రం పని ముగిశాక నూనె గుడ్డతో తుడిచి గోనెసంచిలో చుట్టి పెట్టేవాళ్లం. డాలీ మీద గీత పడితే ఆ గీత ప్రతి బండి మీదా పడుతుంది.

అప్పట్లో మాకు వచ్చే కొండబండ్లంటే జీపులే. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన సీజే త్రీబీ మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగింది. అమెరికాలో 1953లో ఎత్తయిన కొత్త ఇంజను పెట్టాల్సి వచ్చి బానెట్‌ను పైకి లేపారు, అందుకే దాని మూతి అంత ఎత్తు. అక్కడ 1968లోనే ఆపేసినా మన దగ్గర ఆ మూతి ఆగలేదు. దాని బానెట్ పైభాగం దాదాపు బల్లపరుపు. చూసేవాళ్లకు సులువైన రేకు అనిపిస్తుంది, టింకర్‌కి అంతకంటే కష్టమైనది లేదు. వంపున్న రేకు చిన్న తప్పును దాచుకుంటుంది, చదును రేకు దేన్నీ దాచదు. పైగా ఒకసారి సాగితే నొక్కినప్పుడు లోపలికి, వదిలినప్పుడు బయటికి, నూనె డబ్బా అడుగులా టప్పుమంటూ ఆడుతుంది.

1979 వేసవిలో రంపచోడవరం నుంచి ఒక వెదురు కాంట్రాక్టరు జీపు వచ్చింది. రాత్రి చెట్టు కింద ఆపితే తెల్లారేసరికి బానెట్ మీద పనసకాయ. నడిమధ్యలో పడింది. పళ్లెమంత గుంట, దాని చుట్టూ గట్టు కట్టినట్టు రేకు లేచింది. సాయంత్రానికి కావాలన్నాడాయన. బాబా బానెట్‌ను కళ్లతో చూడలేదు, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమాడు. మూడు రోజులన్నాడు. కాంట్రాక్టరు గొణుక్కున్నాడు గానీ ఉన్నాడు.

కొత్తగా నేర్చుకునేవాడు చేసే తప్పు ఒకటుంది. గుంట మధ్యలో కింద నుంచి గట్టిగా కొడతాడు. అక్కడ రేకు పొంగి బొడిపె కడుతుంది, చుట్టూ ఉన్న గట్టు అలాగే బిగుసుకుని ఉంటుంది. ఒక సొట్ట రెండవుతుంది. దెబ్బ తగిలినప్పుడు మొదట మధ్యభాగం దిగుతుంది, చివర్లో అంచు లేస్తుంది. తీసేటప్పుడు ఆ వరస తిరగెయ్యాలి. చివర వచ్చింది ముందు పోవాలి. కింద నుంచి డాలీతో గుంటను పైకి ఒత్తి పట్టి, పైనుంచి ఆ గట్టు మీద కొయ్య సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ చుట్టూ తిరగాలి. గట్టు దిగేకొద్దీ గుంట తనంతట తనే లేస్తుంది. ఆ రోజు అది లేవడం నేను కళ్లారా చూశాను. కొట్టకుండానే లేచింది.

అయినా మధ్యలో అరచెయ్యంత మేర టప్పుమంటూ ఆడింది. సాగిపోయిన రేకు అది, దాన్ని కుదించాలి. బాబా గ్యాస్ మంట సన్నం చేసి రూపాయి బిళ్లంత చోటును ఎర్రబడేదాకా కాల్చాడు. కింద నేను డాలీ పట్టాను. ఎరుపు చల్లారకముందే చుట్టూ నాలుగు దెబ్బలు, మధ్యలో ఒకటి, వెంటనే తడి గోనె ముక్క. చుయ్యిమంది. ఆ ఆవిరి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వేడికి ఉబ్బిన రేకు చుట్టూ ఉన్న చల్లటి రేకును దాటి వెళ్లలేక మందం కడుతుంది, చల్లారాక దగ్గరికి వస్తుంది. అలాంటివి తొమ్మిది బిళ్లలు వేశాడు. పదోది వెయ్యలేదు. ఎక్కువైతే రేకు అటు లాక్కుని ఇంకోచోట మడత పడుతుంది, ఎక్కడ ఆపాలో తెలియడమే మేస్త్రితనం.

మూడో రోజు ఆకురాయి పట్టాం. అది ఎత్తులను తాకి మెరిపిస్తుంది, పల్లాలను వదిలేస్తుంది. ఆఖరున కిరసనాయిలు గుడ్డతో బానెట్ అంతా తడిపి, మోకాళ్ల మీద కూర్చుని ఏటవాలుగా చూశాం. షెడ్డు ముందున్న కరెంటు తీగల నీడ ఆ తడి మీద ఈ చివర నుంచి ఆ చివరికి వంకర లేకుండా సాగింది. అప్పుడు లప్పం డబ్బా మూత తీశాడు. పోస్టుకార్డు మందాన పొర, అంతే. దానిమీద ప్రైమరు, డ్యూకో రంగు.

లప్పాన్ని నేను తిట్టడం లేదు. మేమూ వాడాం. సుత్తి వదిలేసిన గీతలు పూడ్చడానికే అది పుట్టింది. రెండు మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. సొట్టంతా దాంతో నింపితే నిలవదు, అందులోనూ కొండలెక్కే బండి మీద. కింద ఇంజను వేడి, పైన ఎండ. రేకూ లప్పమూ ఒకేలా సాగవు. రాళ్ల దారిలో బండి ఒళ్లంతా మెలిక తిరుగుతుంది, బానెట్ రోజూ ఎత్తి దించుతాం. ఎక్కడో వెంట్రుకంత పగులు మొదలవుతుంది. లప్పంలో సుద్దలాంటి పొడి ఉంటుంది, పగుల్లోంచి దిగిన నీళ్లను అది పీల్చుకుని రేకుకు అంటిస్తుంది. పైన రంగు నిగనిగలాడుతుంటే కింద తుప్పు తింటుంది. మన కుర్రాడి బండి మీద జరిగింది ఇదే.

ఇప్పటి షెడ్లలో ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాను. బండి దిగగానే ఇద్దరే మాట్లాడతారు. ఒకడు "బానెట్ మార్చేద్దాం సార్" అంటాడు, ఇంకోడు "లప్పం కొట్టి సాయంత్రానికి ఇచ్చేస్తాం" అంటాడు. సొట్ట తీద్దాం అనేవాడు లేడు. బానెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూసేవాడు లేడు.

రేకు మారిందంటారు, ఒప్పుకుంటాను. జీపు బాడీ పనికి మేం వాడింది 18 గేజ్ రేకు, అంటే మిల్లీమీటరు పైచిలుకు. ఇప్పటి బానెట్లు చాలావాటికి 0.7 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. లోపలివైపు ఇంకో రేకు అతికించి ఉంటుంది, డాలీ పట్టే చోటు దొరకదు. జింకు పూత ఉన్న రేకును మంటతో కాలిస్తే ఆ పూత పోయి వెనక నుంచి తుప్పు మొదలవుతుంది. మనిషి తల తగిలితే కుంగాలనే ఇప్పటి బానెట్‌ను మెత్తగా చేస్తున్నారు, అది మంచి పని, దానికి వంక పెట్టను. రంగు పనికి ఇప్పుడు గదులున్నాయి, మాస్కులున్నాయి. మాకు ముక్కుకు తువ్వాలే. బాబా చివరి ఐదేళ్లు దగ్గుతోనే గడిపాడు.

కానీ పని కష్టమైందని పనే మానేస్తారా? హైదరాబాదులో కొందరు కుర్రాళ్లను చూశాను. రంగు చెక్కుచెదరకుండా, లోపలి రేకు కంతల్లోంచి పొడవాటి కమ్మీలు దూర్చి, గీతల లైటు నీడలో చూస్తూ సొట్టను గోరంత గోరంతగా నెట్టుకుంటూ వస్తారు. ఒకడి పక్కన గంటసేపు నిలబడ్డాను. వాడు చూస్తున్నది మా కరెంటు తీగల నీడనే. వాడి భుజం తట్టి వచ్చాను.

ఇక దాచడం. బానెట్ మీద నల్ల స్టిక్కర్, గాలి కోసమన్నట్టు ప్లాస్టిక్ బుర్ర, పులి బొమ్మ, డేగ బొమ్మ. మెరవని నల్లరంగుకు అసలు పనొకటి ఉంది. ఎండ బానెట్ మీద పడి డ్రైవరు కళ్లలోకి కొట్టకుండా ర్యాలీ బండ్లకు అలా వేసేవాళ్లు, మిలిటరీ జీపులకు మెరుపు లేని ఆకుపచ్చ రంగూ మెరిసి శత్రువు కంట పడకూడదనే. లాండ్ రోవర్ పాత బండ్ల బానెట్ మీద స్టెప్నీ టైరు ఉండేది, అది మోయడానికే కింద బలం ఇచ్చారు. అవి అవసరానికి పెట్టుకున్నవి. సొట్ట మీద ముసుగు వేరు. ఆ ప్లాస్టిక్ బుర్ర రెండువైపులా జిగురున్న టేపు మీద నిలబడుతుంది, దాని కింద వానాకాలమంతా నీళ్లు నిలుస్తాయి.

సొట్ట ఉంటే సిగ్గేమిటి? మా రోజుల్లో ఏజెన్సీ జీపులకు సొట్ట లేని బానెట్ ఉండేది కాదు. మారేడుమిల్లి ఘాట్‌లో తిరిగే డ్రైవరు ఒక్కో గుంటను చూపించి ఏ మలుపులో ఏ కొమ్మ తగిలిందో చెప్పేవాడు. తీయించే డబ్బు లేకపోతే తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసుకుని తిరిగేవాళ్లు. అమ్మేటప్పుడు కొనేవాడి కళ్లెదుటే ఉండేది, ధర దాన్నిబట్టి తెగేది. పూడ్చి, అంటించి, కొత్తదని చెప్పి ఎదుటివాడి చేతిలో పెట్టడం మోసం. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు రాదు.

కుర్రాడి బండి సొట్టను నేనే తీశాను. లప్పమంతా గీకడానికే ఒక రోజు పట్టింది, పెచ్చులు చిన్న చాటకు నిండాయి. తుప్పు తోమి, బానెట్ విప్పి దుప్పటి మీద బోర్లించి, లోపలి రేకు కంతల్లోంచి కమ్మీ పెట్టి నెట్టాను. మంట వాడలేదు. నాలుగు రోజులైంది, వేళ్లు మునుపటిలా లేవు. లోపలి పట్టీ అడ్డం వచ్చిన చోట చింతగింజంత గుంట రాలేదు. దాన్ని అలాగే వదిలేశాను. తక్కినచోట వట్టి రేకు మీద ఎపాక్సీ ప్రైమరు, దానిపైన రెండు మిల్లీమీటర్ల లోపు లప్పం, తర్వాత రంగు. కుర్రాడు ఆ చింతగింజ మీద చిన్న స్టిక్కర్ వేద్దామన్నాడు. వద్దన్నాను. అమ్మే రోజు వస్తే అది చూపించి అమ్మమన్నాను.

పాత జీపో థారో జిప్సీయో కొనబోయే వాళ్లకు ఒక్క మాట. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి జేబులో వేసుకుని వెళ్లండి. బానెట్ అంతా మెల్లగా నడిపించండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అల్యూమినియం బానెట్ అయితే ఇది పనిచెయ్యదు, వేలి కణుపుతో తట్టి వినండి. స్టిక్కర్ ఉంటే దాని మీద కూడా తట్టండి. ఆ తర్వాత బానెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి తడమండి, పైన కనబడని గుంట కింద బొడిపెలా తగులుతుంది. ఇదంతా చేయనివ్వని వాడి దగ్గర బండి కొనకండి.