బంప్ టెస్ట్ బాబాయి

బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయన అసలు పేరు బిల్లుల మీద తప్ప ఎక్కడా వినపడదు. మనవాళ్లందరికీ బంప్ టెస్ట్ బాబాయి. పుట్టింది అనకాపల్లి వైపు, పని విషవాయువుల డిటెక్టర్ల సర్వీసు. చంకన సంచి, సంచిలో చిన్న గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు, ప్లాస్టిక్ గొట్టం, డిటెక్టరు మూతికి తొడిగే టోపీ. పెళ్లికెళ్లినా సంచి వెంట ఉంటుంది. తలంబ్రాల వేళ జనరేటరు గదిలో కనిపించాడని ఎవరైనా చెబితే నేను సాక్ష్యం అడగను.

బాబాయికి విషవాయువు మీద పెద్ద కోపం లేదు. ఆయన పగంతా పచ్చలైటు మీద.

బెంగళూరులో పెద్ద అపార్ట్‌మెంట్లు మురుగును సొంత ఎస్‌టీపీలో శుద్ధి చేసుకోవాలి. మురుగు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. దానికోసమే గోడకు డిటెక్టరు. "గ్రీన్ లైట్ బర్తా ఇదె సార్" అంటాడు ఆపరేటరు గర్వంగా. సెక్రటరీగారు మరికాస్త చదువుకున్న మనిషి కనక టెస్ట్ బటన్ నొక్కి కుయ్యిమనిపిస్తారు.

"అది హారను బతికుందని చెబుతుంది సార్, సెన్సారు సంగతి దానికేం తెలుసు? శుభ్రమైన గాలిలో మంచి సెన్సారు చూపించేదీ సున్నాయే, చచ్చిన సెన్సారు చూపించేదీ సున్నాయే" అంటూ బాబాయి టోపీ తొడిగి 25 పీపీఎం గ్యాసు వదులుతాడు. బంప్ టెస్టంటే ఇదే. పది పీపీఎంకే మొత్తుకోవాల్సిన డిటెక్టరు పచ్చలైటు వెలిగించుకుని ప్రశాంతంగా ఉంటుంది. కమిటీవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పుడు బాబాయి మొహంలో కనిపించే ఆనందం సజ్జనులకు తగింది కాదు.

ఈ సెన్సార్ల ఆయుష్షు మామూలుగా రెండు మూడేళ్లు. "ఐదేళ్ల నుంచీ ఒక్క కంప్లయింటు లేదండీ" అనే సెక్రటరీని చూస్తే ఆయన చల్లగా నవ్వుతాడు. హైడ్రోజన్ సల్ఫైడు గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. డిటెక్టరేమో అందంగా ఉంటుందని సీలింగు పక్కన బిగించి ఉంటుంది. ఒకచోట పెయింటింగప్పుడు చుట్టిన పాలిథిన్ కవరు అలాగే ఉంది. దుమ్ము పడకుండా అట!

పరికరాన్ని మంచిగాలిలో సున్నాకు సెట్ చేయమని మాన్యువల్ చెబుతుంది. గొరగుంటెపాళ్య సిగ్నల్ దగ్గర కార్బన్ మోనాక్సైడు డిటెక్టరు పట్టుకుని మంచిగాలి ఎక్కడ వెతకాలి? అందుకే జీరో ఎయిర్ సిలిండరు కూడా మోస్తాడు. ఒకప్పుడు ఎయిర్ కండిషన్డ్ సిటీ అనిపించుకున్న ఊళ్లో గాలి కొనుక్కుని తిరిగే మనిషి బాబాయి.

ముక్కును ఆయన అసలు నమ్మడు. హైడ్రోజన్ సల్ఫైడుకుండే కుళ్లిన గుడ్ల వాసన గ్యాసు కొద్దిగా ఉన్నప్పుడే తెలుస్తుంది, సుమారు 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారి వాసన పోయిందనుకుంటామని ఇంటికొచ్చినవాళ్లందరికీ పాఠం. "మీ ముక్కుకి అంత గ్యాసు అక్కర్లేదు లెండి, సాంబారు మాడినా తెలీదు" అంటుంది పిన్ని వంటింట్లోంచి. ఆయన్ని క్రమం తప్పకుండా టెస్ట్ చేసేది ఆవిడొక్కతే.

ఒక్క విషయం దగ్గర మాత్రం బాబాయి హాస్యం ఆగిపోతుంది. 2018 జనవరిలో హెచ్ఎస్ఆర్ లేఅవుట్ దగ్గరి సోమసుందరపాళ్యలో ఒక అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీలో దిగి ముగ్గురు పనివాళ్లు చనిపోయారు. ఆ మాట వస్తే సంచి సర్దుకుని లేచిపోతాడు.

మెయింటెనెన్స్ కట్టేవాళ్లారా, ఈసారి అసోసియేషన్ మీటింగులో కారు పార్కింగు గొడవకు ముందు ఒక్క ప్రశ్న అడగండి: మన డిటెక్టరుకు ఆఖరిసారి గ్యాసు పట్టిందెప్పుడు? బటన్ నొక్కిన తేదీ చెబితే ఒప్పుకోకండి.