పెనుగొలను కెఫెటేరియా

సిగరెట్ పెట్టె మీద ఉన్నట్టు సమోసా మీదా జిలేబీ మీదా హెచ్చరిక రాయిస్తారన్న వార్తను కేంద్రం 2025 జులై 15న ఖండించింది. మిరపకాయ బజ్జీకి కూడా గండం తప్పినట్టేనని మా తిరువూరు వైపు జనం ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ ఖండనలోనే ఒక ఒప్పుకోలు ఉంది. బండి మీద అమ్మేవాటి జోలికి పోలేదు గానీ, కార్యాలయాల్లో నూనె బోర్డులు, చక్కెర బోర్డులు పెట్టమన్న మాట నిజమేనట. జూన్ 21న కేంద్ర ఆరోగ్యశాఖ కార్యదర్శి పుణ్య సలిలా శ్రీవాస్తవ అన్ని మంత్రిత్వ శాఖలకూ రాసిన ఉత్తరం అది. కెఫెటేరియాల్లో, వరండాల్లో, సమావేశ మందిరాల్లో బోర్డులు పెట్టాలి. పళ్ళూ కూరగాయలూ ఎక్కువ పెట్టాలి. కొవ్వు పదార్థాలు, తీపి పానీయాలు తగ్గించాలి. లిఫ్టు మాని మెట్లెక్కాలి. పని మధ్యలో కాసేపు ఒళ్ళు వంచాలి. ఆఫీసు కవర్ల మీదా లెటర్‌హెడ్ల మీదా ఆరోగ్య సూక్తులు అచ్చువేయాలి.

ఉత్తరం బాగానే ఉంది. నా అభ్యంతరమల్లా అది పెనుగొలనుకు రాకపోవడమే. ఢిల్లీ ఇప్పుడు కోరుతున్నవన్నీ ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని ఈ ఊళ్ళో ఏనాడో అమలైపోయాయి. అందుకని దేశంలోకెల్లా ఆదర్శ కెఫెటేరియాగా మా ఊరిని ప్రకటించాలని ఈ కాలమ్ ద్వారా దరఖాస్తు పెట్టుకుంటున్నాను. తనిఖీ బృందం ఎప్పుడైనా రావచ్చు. ముందుగా చెప్పి రానక్కర్లేదు, మా దగ్గర దాచాల్సిన సమోసాలేమీ లేవు.

కెఫెటేరియా పత్తి చేను గట్టు మీద ఉంటుంది. పైన వేపచెట్టు ఉంటే నీడ, లేకపోతే తలగుడ్డే నీడ. గోడలు లేవు కాబట్టి బోర్డుకు మేకు ఎక్కడ కొట్టాలన్నదొక్కటే తేలాల్సిన సంగతి. మెనూ బోర్డు అవసరం లేదు. క్యారేజీ మూత తీస్తే పైగిన్నెలో పచ్చడి, కిందిగిన్నెలో అన్నం, సీసాలో మజ్జిగ. నూనె వాడకం 10 శాతం తగ్గించమని ప్రధాని 2025 జనవరిలో డెహ్రాడూన్ జాతీయ క్రీడల వేదిక మీద నుంచి పిలుపిచ్చారు. పిలుపు మా గట్టు దాకా వచ్చేసరికే పచ్చడికి తాలింపు మానేసి ఉన్నాం. ఆ లెక్కన నూటికి నూరు శాతం తగ్గించినట్టు. మిగిలిన 90 శాతం ఎవరి ఖాతాలో వేయాలో ఆరోగ్యశాఖ తేల్చాలి.

బృందంలో ఎవరో ఒకరు ఆవకాయ జాడీ కేసి వేలు చూపిస్తారని నాకు తెలుసు. ముక్క మునిగేలా నూనె పోశారే అంటారు. అయ్యా, ఆ నూనె మాకు బ్యాంకులో వేసిన అసలు లాంటిది. దాన్ని ముట్టుకోం, వడ్డీగా వచ్చే ముక్కతోనే సరిపెట్టుకుంటాం. మళ్ళీ మామిడికాయ వచ్చేదాకా బూజు పట్టకుండా కాయాలి కదా.

వ్యాయామం దగ్గర మాత్రం మేం నిబంధన మీరుతున్నాం, ముందే ఒప్పుకుంటున్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళు మధ్యమధ్య లేచి ఒళ్ళు వంచాలని ఉత్తరం. మావాళ్ళు పొద్దున చేలో దిగి వంచిన నడుం అన్నాలవేళకు గానీ ఎత్తరు. కాబట్టి పని అంతా వ్యాయామమే, విరామం ఒక్కటే లేదు. మిరప కోతల రోజుల్లోనైతే చేతులమంటకు వేరే యోగాసనం కూడా కావాలి. మెట్ల విషయంలో మాకు తిరుగులేదు. పెనుగొలనులో ఇంతవరకు ఒక్క కూలీ కూడా లిఫ్టెక్కి పనికి రాలేదు. నడక దారులు వేయమన్నారు, పొలంగట్లు ఉన్నాయి. వర్షం పడితే అవి జారుడు దారులవుతాయి, అదీ వ్యాయామమే.

ఇక స్టేషనరీ. మాకున్న సర్కారు కాగితం ఉపాధి హామీ జాబ్ కార్డు. దాని మీద ఏ సూక్తి అచ్చువేసినా మాకు సమ్మతమే. ఆరోగ్యం విషయంలో ఉపాధి హామీ చట్టం ఢిల్లీ ఉత్తరం కంటే చాలా ముందుంది. పనిచోట మంచినీళ్ళు, నీడ, మందుల పెట్టె ఉండాలని 2005లోనే రాశారు. కూలి 15 రోజుల్లో చేతికి రావాలన్నదీ ఆ చట్టం మాటే. రాకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 0.05 శాతం పరిహారం. 2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి 307 రూపాయలు. లెక్క వేయండి, రోజు కూలి మీద రోజుకు 15 పైసలు. పదిహేను పైసలకు నూనె సీసా వాసన కూడా చూపించరు. ఊబకాయాన్ని ఇంత శ్రద్ధగా అరికట్టిన చట్టం భూమ్మీద ఇంకోటి ఉందేమో బృందమే వెతకాలి.

మా కెఫెటేరియాకు బళ్ళో ఒక శాఖ ఉంది. మన రాష్ట్రంలో దాని పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. బృందం కళ్ళు చెదిరేది అక్కడే. పెద్దవాళ్ళకు రోజుకు 27 నుంచి 30 గ్రాముల నూనె మించవద్దని సర్కారు బోర్డుల లెక్క. మన బడి భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు కేంద్రం కొలిచిన నూనె 5 గ్రాములు, ఆరో తరగతి నుంచి ఏడున్నర. అంటే ఢిల్లీ వారు 2025 జూన్‌లో కనిపెట్టిన పొదుపును మన పిల్లలు ఏళ్ళ తరబడి సాధన చేస్తున్నారు. ఆ నూనె, పప్పు, కూరగాయ అన్నీ కలిపి వంట ఖర్చు 2025 మే 1 నుంచి చిన్నపిల్లకు 6 రూపాయల 78 పైసలు, పెద్దపిల్లకు 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరే, రాష్ట్రం పెట్టే గుడ్డు వేరే, అది కాదనను. కానీ ఆ 78 పైసల దగ్గర కాసేపు ఆగండి. ఏ శాస్త్రవేత్త తూకం వేస్తే ఆ 78 తేలిందో.

బృందం రాసుకోవాల్సిన చివరి పేరా వంట చేసే ఆమెది. ఏ ఊరి బడి వంటింట్లోనైనా కనిపించే మనిషే. పొద్దున్నే పొయ్యి ముట్టించి, మోయలేని గిన్నె దించి, పిల్లలందరి పళ్ళేలూ నింపాక తను తింటుంది. ఆమెను ఉద్యోగి అనరు. ఉద్యోగి కాదు కాబట్టి ఆమెకిచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. 2009లో కేంద్రం ఆ గౌరవానికి నెలకు 1000 రూపాయలు ఖరీదు కట్టింది. అందులో తన వాటా ఇప్పుడు 600, ఏడాదికి పది నెలలే. 2025కి పదహారేళ్ళయింది, ఆ 1000 ఒక్క రూపాయి కదల్లేదు. మన రాష్ట్రం తన వంతు కలిపి 3000 ఇస్తోంది. 2025 లెక్కన పది రోజుల ఉపాధి కూలి కంటే 70 రూపాయలు తక్కువ. ఇలాగే గౌరవ వేతనం మీద బతికే అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు జీతం పెంచమని 2023 డిసెంబర్‌లో రోడ్డెక్కితే వాళ్ళ మీద అత్యవసర సేవల చట్టం ఎస్మా పెట్టారు. పిల్లలకు అన్నం పెట్టడం అత్యవసర సేవ అని సర్కారుకు అప్పుడే గుర్తొచ్చింది. అత్యవసరమైన మనిషికి ఆ జీతం ఎందుకో మాత్రం గుర్తు రాలేదు.

ఊబకాయం అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో 36.3 శాతం మంది అధిక బరువు. అదే సర్వేలో రక్తం చాలనివాళ్ళు 58.8 శాతం. ఆ రెండో అంకెకు ఏ లాబీలోనూ బోర్డు లేదు, ఎందుకంటే దానికి బోర్డు కాదు, డబ్బు పెట్టాలి. బోర్డు చౌక. ఒక అట్ట, నాలుగు రంగులు, ఒక మేకు. చక్కెర ఎంతుందో చదువుకుని పక్కన పెట్టే తాహతున్నవాడికి సర్కారు సలహా ఇస్తుంది. పక్కన పెట్టడానికేమీ లేనివాళ్ళ పళ్ళెంలో అదే సర్కారు నూనెను గ్రాముల్లో కొలిచి, కొలత దాటకుండా పైసలు కట్టేస్తుంది. రెండూ ఒక్క చేత్తోనే రాసినవి. సిగ్గుపడాల్సింది సమోసా కాదు.

బోర్డులు పెడతారు కాబట్టి పెట్టండి. ముందు ఢిల్లీలో, ఈ బడి భోజనం చూసే విద్యాశాఖ క్యాంటీన్ గుమ్మం పక్కన ఒకటి కొట్టండి. ఆరు రూపాయల డెబ్భై ఎనిమిది పైసలు, ఒక పిల్ల. వెయ్యి రూపాయలు, ఒక వంటమనిషి, 2009 నుంచి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కుర్చీలో కూర్చుని తింటున్నా చదవగలిగేంత.