నా గుండె మీద చెయ్యి వెయ్యండి

నాకు తల ఉంది, మెడ ఉంది, ఛాతీ ఉంది. చేతుల్లేవు, నడుము కింద ఏమీ లేదు. నన్ను చేసినవాళ్లు పనికిరానిది ఒక్కటీ పెట్టలేదు. ఛాతీలో గట్టి స్ప్రింగు, దాని పక్కన ప్లాస్టిక్ సంచి. స్ప్రింగు ఐదు సెంటీమీటర్లు దిగితే 'టక్'మంటాను. అంతకు తక్కువైతే మీరెంత చెమటోడ్చినా నోరు విప్పను. తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తకుండా ఊదితే గాలిని లోపలికి రానివ్వను. ఆగిన గుండెను ఛాతీ మీద నొక్కి నడిపించే సీపీఆర్ నేర్పే బొమ్మను నేను. ట్రైనర్లు మానికిన్ అంటారు. హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడ వర్కర్లు మాత్రం 'సగం మనిషి' అని పేరు పెట్టారు. ఆ పేరే బాగుంది.

మా వంశం నార్వేలో మొదలైంది. అస్ముండ్ లేర్డాల్ అనే బొమ్మల వ్యాపారి, డాక్టర్ల సలహాతో 1960లో మా పెద్దమ్మ 'రిససీ యాన్'ను లోకానికి పరిచయం చేశాడు. ఆమె ముఖానికి ఆధారం, ప్యారిస్ సేన్ నదిలో తేలిన పేరు తెలియని అమ్మాయిదని చెప్పుకునే ఓ ముఖపు అచ్చు. అదే ఏడాది అమెరికాలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు, ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కి గుండెను నడిపించవచ్చని రాశారు. నాకు పెద్దమ్మ అందం రాలేదు. ఎవరి పోలికా లేని రబ్బరు మొహం నాది.

ట్రైనింగు ఇచ్చే మా మేడం కారు డిక్కీలోనే నా కాపురం. ఒకరోజు మందుల కంపెనీ, ఇంకోరోజు ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డు, మరోరోజు పెట్రోలు బంకు. పెద్ద కంపెనీల్లో అయితే ఏసీ హాలు, వెనక బ్యానరు, సమోసాలు. ముందు వరుసలో మేనేజర్లు. చొక్కా మడత నలగకుండా మోకాళ్ల మీద కూర్చుని, అరచేతుల్తో నన్ను అలా అద్ది లేస్తారు. వాళ్లు నొక్కుతున్నంతసేపూ నేను మౌనవ్రతం. తర్వాత గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్లు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 45వ సెక్షన్ ఉండేది: నూటయాభై మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె తగ్గకుండా ఉండాలి, అది సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతిలో ఉండాలి, ఆ మనిషి పనివేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. సర్టిఫికెట్ దాకా అందరూ చదివారు. 'అందుబాటులో' అన్న చోట కళ్లజోడు తీసేశారు. పెట్టె తాళంచెవి ఆఫీసు సొరుగులో, సొరుగు సారు సాయంత్రం ఇంట్లో, నైట్ షిఫ్టు షెడ్డులో.

ఓ కంపెనీలో మనుషులు తక్కువయ్యారని, టీ గ్లాసులు తీసుకుపోవడానికొచ్చిన క్యాంటీన్ అక్కను మా మేడం కూర్చోబెట్టింది. గతంలో 108 అంబులెన్సులో పనిచేసిన మనిషి మా మేడం. ఆమె కళ్లు చేతుల మీదే ఉంటాయి. అక్క కొంగు నడుముకు దోపుకుంది, గాజులు మోచేతి వైపు తోసుకుంది, ఛాతీ నడిమధ్య ఎముక మీద అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసింది. మోచేతులు వంగలేదు, భుజాలు సరిగ్గా నా మీదికొచ్చాయి. టక్. టక్. టక్. ఒక్కటీ తప్పలేదు.

"ఇంతకుముందు నేర్చుకున్నరా అక్కా?"

"ఎక్కడ మేడం! రోజూ చపాతి పిండి పిసుకుతనే ఉంట కద."

పక్కనున్న మెషిన్ ఆపరేటర్‌కు అనుమానం వచ్చింది. "గట్టిగ నొక్కితే పక్కటెముకలు విరుగుతయ్ కద మేడం?"

"విరగొచ్చన్నా. ఎముక అతుకుతది. ఆగిన గుండెను ఆగనిస్తే మనిషి దక్కడు."

నిమిషానికి నూరు నుంచి నూటఇరవై సార్లు నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు. ఊదడం రాకపోతే, ఇష్టం లేకపోతే నొక్కుతూనే ఉండండి, చాలు. లెక్క దగ్గర మనవాళ్లకో చిక్కు. పది దాకా పరుగెత్తి, 'పదమూడు, పద్నాలుగు' దగ్గర నాలుక తడబడుతుంది, దాంతోపాటు చేతులూ. అందుకే మేడం ఒకటి నుంచి పదే మూడుసార్లు లెక్కపెట్టిస్తుంది. రెండు నిమిషాలకు మనిషి మారాలి. అలసిన చేతులు తెలియకుండానే లోతు తగ్గిస్తాయి, నాకు తెలుస్తుంది.

నేను చూపించలేనిది ఒకటుంది. గుండె ఆగిన మనిషి కొన్నిసార్లు నోరు తెరిచి, గురక పెట్టినట్టు ఎగశ్వాస తీస్తాడు. "ఊపిరి ఉంది, ఏం కాలేదు" అని జనం ఆగిపోతారు. అది ఊపిరి కాదు. పిలిస్తే పలకక, మామూలుగా ఊపిరి ఆడకపోతే మొదలుపెట్టాల్సిందే. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్సు ఎంత తొందరగా వచ్చినా గేటు దగ్గర సెక్యూరిటీ, లారీలు, స్పీడు బ్రేకర్లు ఉంటాయి. అందాకా నొక్కేది పక్కనున్నవాడే. ఆ పక్కనున్నవాడు ఎన్నడూ మేనేజరు కాడు. కాంట్రాక్టు హెల్పరు, లోడింగు మనిషి, వాచ్‌మన్, క్యాంటీన్ అక్క. హాజరు పట్టీలో పేరు లేదని ట్రైనింగుకు పిలవనిది వాళ్లనే.

ఇంకో సంగతి. నాది బల్లపరుపు మగ ఛాతీ. నిజంగా పడిపోయింది ఆడమనిషైతే, చెయ్యి వేస్తే ఎవరేమనుకుంటారోనని చాలామంది వెనకాడతారు. సిగ్గుపడే సమయం కాదది. కరెంటు షాకైతే మాత్రం ముందు మెయిన్ ఆపాలి. విషవాయువుండే ట్యాంకులో పడిన మనిషి కోసం రక్షణ సరంజామా లేకుండా దిగకూడదు. ఒకరి వెనక ఒకరు దిగి పోయిన కథలు ఈ పారిశ్రామికవాడల్లో అందరికీ తెలుసు. పోలీసు కేసులంటే భయపడేవాళ్లకు ఓ మాట: రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాణ్ని వేధించకుండా మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఏ సెక్షన్ వచ్చింది.

కంపెనీ యజమానులకు నా మనవి ఒకటే. ఈసారి మమ్మల్ని పిలిచేటప్పుడు నైట్ షిఫ్టు మొదలయ్యే వేళకు పిలవండి, నన్ను షెడ్డులోనే నేల మీద పడుకోబెట్టండి, కాంట్రాక్టు వాళ్లందర్నీ రమ్మనండి. ఒక్కొక్కరి చేతికీ రెండు నిమిషాలు నన్నివ్వండి. బ్యానరు లేకపోయినా ఫరవాలేదు.