డెఫినిట్ ఇంటిగ్రల్స్: చెమట పట్టని చిట్కాలు

చోడవరంలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మ్యాథ్స్ పుస్తకంలో ఈ చాప్టర్ తెరవగానే మీ మొహాలు వాడిపోవడం చూడలేక ఇది రాస్తున్నాను. దీన్ని నేర్చుకోనక్కర్లేదు. దాటేస్తే చాలు.

1. ట్యూషన్‌కి అరగంట ఆలస్యంగా వెళ్లండి. గోవాడ రోడ్డులో చెరకు ట్రాక్టర్లు అడ్డొచ్చాయనండి. చెరకు సీజన్ అయిపోతే అనకాపల్లి బస్సు మీద తోసేయండి. మీరెళ్లేసరికి లెక్క బోర్డు మీద రెడీగా ఉంటుంది. ఫోన్లో ఫొటో తీసుకోండి. ఫోన్లో ఉంటే బుర్రలో ఉన్నట్టే.

2. సబ్‌స్టిట్యూషన్ చేశాక లిమిట్స్ మార్చకండి. ఎక్స్ బదులు టాన్ తీటా పెడితే 0, 1 కాస్తా 0, పై బై 4 అవ్వాలంటారు. ప్రశ్నలో అచ్చయిన అంకెను దిద్దడానికి మనమెవరం? ఆఖర్న ప్లస్ సీ కూడా తగిలించండి, నిండుగా ఉంటుంది.

3. మోడ్ గీతలు కనిపిస్తే చెరిపేయండి. 0 నుంచి 4 దాకా మోడ్ ఆఫ్ 2 మైనస్ ఎక్స్ ఇచ్చారనుకోండి. గీతలుంటే 2 దగ్గర విరిచి, రెండు ముక్కలూ విడివిడిగా చేసి, కలిపి 4 తేవాలి. గీతలు తీసేస్తే ఒక్క స్టెప్పులో సున్నా.

4. మైనస్ 1 నుంచి 1 దాకా ఏదిచ్చినా సున్నా రాయండి. ఆడ్ ఫంక్షనా, ఈవెనా అని చూస్తూ కూర్చుంటే టైం దండగ. ఎక్స్ స్క్వేర్‌కి 2 బై 3 వస్తుందని పక్కవాడు గొణుగుతాడు. గొణగనివ్వండి.

5. ఇది అసలైనది, ఎక్కువ మార్కులది. 0 నుంచి పై బై 4 దాకా లాగ్ ఆఫ్ 1 ప్లస్ టాన్ ఎక్స్. ఆన్సర్ పై బై 8 ఇన్‌టూ లాగ్ 2. అదొక్కటే బట్టీ పట్టండి. ఎక్స్ బదులు పై బై 4 మైనస్ ఎక్స్ పెట్టే స్టెప్పు రాశారో, లెక్క నాలుగు లైన్లలో అయిపోయి పేజీ బోసిగా కనిపిస్తుంది. ప్రశ్ననే మూడుసార్లు తిరగరాసి, ‘బై ప్రాపర్టీ’ అని, కింద ఆన్సర్ వేసి స్కెచ్ పెన్‌తో డబ్బా కొట్టండి. 0 నుంచి 1 దాకా లాగ్ ఆఫ్ 1 ప్లస్ ఎక్స్ బై 1 ప్లస్ ఎక్స్ స్క్వేర్‌కి కూడా ఇదే ఆన్సర్. రెండు లెక్కలకు పనికొచ్చింది మూడోదానికి పనికిరాదా? అన్నిటికీ ఇదే రాయండి.

6. పరీక్ష రోజు పొద్దున్నే స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడిలో పెన్ను పెట్టి దండం పెట్టుకోండి. పెన్ను అక్కడే వదిలేయండి. హాల్లో పెన్ను అడిగే వంకతో ముందువాడి పేపర్లోకి తొంగి చూడొచ్చు.

7. ఈఏపీసెట్‌లో 160 బిట్లకు 80 మ్యాథ్సే. నెగెటివ్ మార్కుల్లేవు. ఒకే ఆప్షన్ వరసగా నొక్కేసి, మిగతా టైమంతా కునుకు తీయండి.

8. రిజల్ట్ రోజు ఇంట్లో వాళ్లు అడక్కముందే మీరే కోప్పడండి. దిద్దినవాళ్లకే లెక్కలు రావనండి. రీకౌంటింగ్‌కని నాన్న దగ్గర డబ్బులు తీసుకోండి. అందుకు మాత్రం కట్టకండి. సప్లిమెంటరీ ఫీజుకి అవే పనికొస్తాయి.